మాట తడబడే విద్యార్థికి ఫోన్‌లోనే ఉన్న సాయం

నత్తి వల్ల గానీ, నోటి కండరాల బలహీనత వల్ల గానీ మాట స్పష్టంగా రాని విద్యార్థికి జవాబు తెలియక కాదు, తెలిసిన జవాబును నోటితో చెప్పడమే కష్టం. ప్రత్యేక పరికరం కొనే ముందు, చేతిలో ఉన్న ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో సెట్టింగ్స్ తెరిచి యాక్సెసిబిలిటీ విభాగాన్ని ఒకసారి చూడండి.

ఐఫోన్, ఐప్యాడ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్ (ఐఓఎస్, ఐప్యాడ్‌ఓఎస్)లో 2023లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి లైవ్ స్పీచ్ ఉంది. దాన్ని ఆన్ చేశాక, ఫోన్ సైడ్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే టైప్ చేసే పెట్టె వస్తుంది. హోమ్ బటన్ ఉన్న ఫోన్‌లో ఆ బటన్‌నే నొక్కాలి. పెట్టెలో రాసిన వాక్యాన్ని ఫోన్ పైకి చదువుతుంది. ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేసుకుని, నోట్స్‌లో రాసుకున్న వాక్యాన్ని దానితో చదివించవచ్చు. రాతను మాటగా మార్చే గూగుల్ టెక్స్ట్ టు స్పీచ్‌లో తెలుగు గొంతు ఉంది, వేగాన్నీ మార్చుకోవచ్చు. ఏ గొంతు, ఎంత వేగం అన్నది మాత్రం విద్యార్థే తేల్చుకోవాలి, ఎందుకంటే తరగతిలో ఆ గొంతు వినిపించేది తన పేరు మీదే.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఒకసారి నా తరగతిలో ఒక అమ్మాయి "ఈ లెక్కకు ఇంకో పద్ధతి ఉంది" అని టైప్ చేసి ముగించేలోపే నేను బోర్డు తుడిచేశాను. ఆ మర్నాడు ఇద్దరం కూర్చుని, తాను తరచుగా చెప్పాలనుకునే మాటలను ముందే రాసి భద్రపరిచాం. తాను మొదట ఎంచుకున్న వాక్యం "ఒక్క నిమిషం, రాస్తున్నాను". "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి", "నేను చెబుతాను" వంటివి తర్వాత చేరాయి. లైవ్ స్పీచ్‌లో ఇలాంటి వాక్యాలను దాచుకునే వీలుంది. ఆండ్రాయిడ్‌లో అందుకు ఒక నోట్ చాలు. వాక్యాలను పెద్దలు కాక విద్యార్థే చెప్పాలి, టైప్ చేస్తున్నంతసేపు తరగతి ఆగాలి, మధ్యలో ఎవరూ ఆ వాక్యాన్ని పూర్తి చేయకూడదు.

నత్తి ఉన్న పిల్లల్లో చాలామంది ఆలస్యమైనా తమ నోటితోనే చెప్పాలనుకుంటారు. వారి ముందు ఫోన్ పెట్టి ఇందులో చెప్పమనడం తప్పు; ఏ రోజు ఏది వాడాలో వారి ఇష్టం. మాటను విని అక్షరాలుగా మార్చే వాయిస్ టైపింగ్‌ను ఉచ్చారణ స్పష్టంగా లేనివారికి అలవాటు చేయించే ముందు విడిగా పరీక్షించండి, ఎందుకంటే పదేపదే తప్పుగా రాసే యంత్రం వారిని మరింత కుంగదీస్తుంది. అలాంటి వారికి ఐఓఎస్ 18లో వచ్చిన వోకల్ షార్ట్‌కట్స్ మేలు: తాము పలకగలిగిన ఏదైనా మాటను మూడుసార్లు వినిపించి, దానికి ఫోన్ చేయాల్సిన ఒక పనిని జతచేయవచ్చు.

పద్యం అప్పజెప్పడం, ప్రాజెక్టు వివరించడం వంటి వాటికి ఇంట్లో రికార్డు చేసి తెచ్చినదాన్ని అంగీకరించండి. మౌఖిక పరీక్షలో పరికరం వాడతారన్న సంగతిని, అదనపు సమయాన్ని పరీక్షకు ముందే పాఠశాలతో మాట్లాడి రాతపూర్వకంగా ఖరారు చేసుకోండి. ఆ రోజు ఛార్జింగ్ నిండుగా ఉందో లేదో, గొంతు చివరి బెంచీ దాకా వినిపిస్తోందో లేదో విద్యార్థితో కలిసి ఖాళీ గదిలో ఒకసారి చూసుకోండి.