అమెరికా కాలేజీ మ్యాథ్స్ ప్లేస్‌మెంట్‌: ఏ పరీక్ష రాయాలి?
అమెరికా కాలేజీలో సీటొచ్చిన పిల్లలకు ఒక మాట. మారతహళ్లిలో ఉండే మా అక్క కూతురు అక్యుప్లేసర్ (కాలేజీలో ఏ స్థాయి క్లాసులో చేర్చాలో తేల్చే పరీక్ష) మ్యాథ్స్‌లో ఏది రాయాలో తెలియక టెన్షన్ పడింది. అందులో మూడు పరీక్షలున్నాయి: మొదటిది అంకగణితం, రెండోది ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్ కలిసినది, మూడోది అడ్వాన్స్‌డ్ ఆల్జీబ్రా అండ్ ఫంక్షన్స్. ఒక్కోదానికి 20 ప్రశ్నలు, టైమ్ లిమిట్ లేదు.

ఇంజనీరింగ్ వైపు వెళ్లేవాళ్లు, కాలేజీ ఎంచుకోనిస్తే, మూడోదే అడగండి. ట్రిగొనామెట్రీ అందులోనే వస్తుంది. తేలికని మొదటిది రాస్తే, పీయూసీలో చేసిన లెక్కలకే మళ్లీ ఒక సెమిస్టర్ ఫీజు కట్టాల్సి రావచ్చు. ఆ డబ్బు చిన్నది కాదమ్మా!

జేఈఈ మెయిన్‌లో అయితే వెనక్కి వెళ్లి జవాబు మార్చొచ్చు, ఇందులో అలా కుదరదు. మనం ఇచ్చిన జవాబును బట్టే తర్వాతి ప్రశ్న వస్తుంది. అందుకే తొందరపడకుండా, రఫ్ పేపర్ మీద చేసి చూసుకున్నాకే నొక్కండి.