వీధిలోనూ తిరగాలి, డ్రాగ్‌లోనూ పరిగెత్తాలి – 3వ పాఠం: మొదట వెనక ఇరుసు, తర్వాత ఇంజిన్

గత రెండు పాఠాల్లో టైర్లు, సస్పెన్షన్ అయ్యాయి. మన పాఠానికి తీసుకున్న కారు అమెరికాలో 1987–93 మధ్య అమ్మిన ఫోర్డ్ మస్టాంగ్ 5.0, అయిదు గేర్ల టీ-5 గేర్‌బాక్స్‌ది. వెనక 235/60-15 డ్రాగ్ రేడియల్ టైర్లు (పందెం కోసం ఎక్కువ పట్టుండేవి) వేశాం, అంటే చక్రం ఎత్తు సుమారు 26 అంగుళాలు. డ్రైవరుతో కలిపి బరువు 3,300 పౌండ్లు అనుకుందాం.

డ్రాగ్ పందెం అంటే ఆగిన చోటి నుంచి సూటిగా పావు మైలు పరుగు. మన లక్ష్యం ఆ పావు మైలు 11.8 సెకన్లు. దీనికి కారణం ఉంది. 11.49 సెకన్లు, అంతకంటే వేగంగా పరిగెత్తే కారుకు ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికాలో డ్రాగ్ పందేల సంస్థ) నిబంధనల ప్రకారం రోల్ బార్, అంటే కారు బోల్తా పడితే కాపాడే ఇనుప గొట్టాల చట్రం, తప్పనిసరి. రోజూ హెల్మెట్ లేకుండా నడిపే కారులో తలకు దగ్గరగా ఇనుప గొట్టం ఉండటం మంచిది కాదు, చిన్న ప్రమాదంలోనైనా తల దానికే కొట్టుకోవచ్చు. అందుకే ఆ గీతకు ఇవతలే ఆగుదాం.

ఈ బరువుకు 11.8 అంటే ముగింపు గీత దగ్గర వేగం గంటకు 115 మైళ్ళు ఉండాలి. ఎంత పవర్ కావాలో అంచనా సూత్రం: వేగాన్ని 234తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, బరువుతో గుణించాలి. మనకు దాదాపు 390 హార్స్‌పవర్ వస్తుంది. కంపెనీ చెప్పింది 225 (1993లో 205). అయినా ఇప్పుడే హెడ్లు (వాల్వులుండే ఇంజిన్ పైభాగాలు) కొనొద్దు.

ముందు గేరు లెక్క. ఇంజిన్ ఆర్‌పీఎం = వేగం (గంటకు మైళ్ళు) × గేరు నిష్పత్తి × ఇరుసు నిష్పత్తి × 336 ÷ టైరు ఎత్తు (అంగుళాలు). ఇరుసు నిష్పత్తి అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ సంఖ్య. నాలుగో గేరు 1.00 కాబట్టి ఇరుసు నిష్పత్తి ఒక్కటే లెక్కలోకి వస్తుంది. 115 మైళ్ళ దగ్గర 3.73కి 5,540, 4.10కి 6,090 వస్తాయి. మనం కట్టబోయే ఇంజిన్ 5,800 – 6,000 మధ్య పూర్తి పవర్ ఇస్తుంది, కాబట్టి 4.10 సరిపోతుంది. హైవే మీద 70 మైళ్ళకు అయిదో గేరులో (0.68) 2,520 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది, నడపడానికి ఇబ్బంది లేదు. చాలా 5.0 కార్లు ఫ్యాక్టరీ నుంచి 2.73తో వచ్చాయి. దాని నుంచి 4.10కి మారితే ఇంజిన్ జోలికి పోకుండానే చక్రాలకు చేరే టార్క్ ఒకటిన్నర రెట్లవుతుంది. పెట్టిన డబ్బుకు ఇంత ఫలితం ఇచ్చే భాగం ఈ కారులో ఇంకొకటి లేదు. స్పీడోమీటర్ గేరు కూడా మార్చాలి, లేకపోతే వేగం తప్పుగా చూపిస్తుంది.

ఇరుసు నిష్పత్తి మార్చడమంటే దానిలోని గేరు జతను, అంటే క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) మార్చడమే. వీటిని బిగించడం ఓపికతో చేసే పని. పాత పినియన్ మీద ఉన్న షిమ్ (దూరం సర్దే పలచని రింగు) మందాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, దానితోనే మొదలుపెట్టండి. పాత బేరింగ్ ఒకదాని లోపలి అంచు కొద్దిగా రుద్ది, చేత్తో ఎక్కి దిగేలా చేసుకుంటే ప్రతి ప్రయత్నానికీ ప్రెస్ అక్కర్లేదు. బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య ఉండే సందు) 0.008 – 0.012 అంగుళాల మధ్య ఉండేలా పక్క షిమ్‌లు సర్ది, క్రౌన్ పళ్ళకు మార్కింగ్ రంగు పూసి తిప్పండి. ముద్ర పంటి కుదురు దగ్గర లోతుగా పడితే పినియన్ మరీ దగ్గరికొచ్చినట్టు, షిమ్ పలచన చేయాలి. ముద్ర పంటి పైఅంచుకు పోతే షిమ్ మందం పెంచాలి. అది పంటి మధ్యలో పడేదాకా విప్పి బిగించక తప్పదు. ఇక్కడ తొందరపడితే గేర్లు ఊళ పెడతాయి, ఆ తర్వాత ఏ నూనె పోసినా ఆ శబ్దం పోదు.

క్రష్ స్లీవ్ (పినియన్ నట్ బిగించేటప్పుడు నలిగి బేరింగుల బిగువు నిలిపే గొట్టం) ప్రతిసారీ కొత్తదే వేయాలి. కొత్త బేరింగులకు పినియన్ తిరిగే బిగువు 16 – 29 అంగుళం-పౌండ్లు ఉండాలి. బిగువు దాటిపోతే నట్ వెనక్కి వదిలి సరిపెట్టకండి, స్లీవ్ అప్పటికే నలిగిపోయింది, మళ్ళీ కొత్తది వేయాల్సిందే. క్రౌన్ బోల్టులు 70 – 85 అడుగు-పౌండ్లు, థ్రెడ్ లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు)తో. ట్రాక్షన్-లాక్ డిఫరెన్షియల్‌కు (ఒక చక్రం జారినా రెండో దానికి బలం పంపేది) నూనెతో పాటు 4 ఔన్సుల ఫ్రిక్షన్ మాడిఫయర్, అంటే దాని క్లచ్ పలకల రాపిడిని సర్దే ద్రవం, పోయాలి. అది మరిచిపోతే మలుపుల్లో ఇరుసు కటకటలాడుతుంది. మొదటి ప్రయాణం పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత 500 మైళ్ళు గట్టిగా తొక్కొద్దు.

ఈ 8.8 అంగుళాల ఇరుసులో షాఫ్టులు 28 స్ప్లైన్లవి (చివర ఉండే గాడి పళ్ళు). లోపలి చివర సీ-క్లిప్ (సీ ఆకారపు చిన్న పట్టీ) ఒక్కటే వాటిని పట్టుకుని ఉంటుంది. పట్టున్న టైరుతో క్లచ్ ఒక్కసారిగా వదిలితే షాఫ్టు విరగొచ్చు, విరిగితే చక్రం షాఫ్టు ముక్కతో సహా బయటికి వస్తుంది. హౌసింగ్ విప్పినప్పుడే 31 స్ప్లైన్ల షాఫ్టులు, వాటికి సరిపడే డిఫరెన్షియల్ వేయించుకుంటే కూలి ఒక్కసారితో పోతుంది. నిబంధన కూడా ఇదే దారిలో ఉంది: 10.99 సెకన్లకు దిగితే బయటి కంపెనీ షాఫ్టులు, సీ-క్లిప్ లేని బిగింపు తప్పనిసరి. ప్రొపెల్లర్ షాఫ్టుకు ముందువైపు జాయింట్ నుంచి 6 అంగుళాల లోపు రక్షణ వలయం బిగించండి. ఆ జాయింట్ తెగితే షాఫ్టు నేలకు తగిలి కారును ఎత్తేస్తుంది. మీ సమయానికి నిబంధన అడిగినా అడగకపోయినా ఇది ఉండాల్సిందే.

గేర్‌బాక్స్ దగ్గర మొహమాటం వద్దు. టీ-5లో గట్టిదైన టీ-5జెడ్ కూడా 330 అడుగు-పౌండ్ల టార్క్‌కే లెక్కించింది. 390 హార్స్‌పవర్ ఇంజిన్ అంతకంటే ఎక్కువే ఇస్తుంది. మామూలు టైర్లు జారి కొంత కాపాడతాయి, డ్రాగ్ రేడియల్ జారదు, ఆ దెబ్బంతా గేరు పళ్ళే తింటాయి. 600 అడుగు-పౌండ్లకు లెక్కించిన ట్రెమెక్ టీకేఎక్స్ లాంటిది వేసుకోండి. దాని మొదటి గేరు 2.87, ఇరుసు 4.10, గుణిస్తే 11.8. ఈ బరువుకు బయల్దేరడానికి చాలు.

ఇప్పుడు ఇంజిన్. గొంతు బిగించేది ఇనుప హెడ్లే. 165–170 సీసీ ఇన్‌టేక్ దారులున్న అల్యూమినియం హెడ్లు, వాటికి తగిన క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు), ఇన్‌టేక్, హెడర్లు (ఎగ్జాస్ట్ గొట్టాలు) కలిపి ఒకే జట్టుగా కొనాలి, విడివిడిగా కాదు. హెడ్ చివరిగా బిగించే ముందు పిస్టన్ మీద మోడలింగ్ క్లే ముద్ద పెట్టి, హెడ్ తాత్కాలికంగా బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ విప్పి ముద్ద కోసి మందం చూడండి. వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఉండే సందు అదే. ఇన్‌టేక్ వైపు 0.080, ఎగ్జాస్ట్ వైపు 0.100 అంగుళాల కంటే తక్కువుంటే ఆ క్యామ్ వద్దు. పాత స్పీడ్-డెన్సిటీ కంప్యూటర్ (గాలిని నేరుగా కొలవకుండా ఇన్‌టేక్ వాక్యూమ్‌తో అంచనా వేసేది) పెద్ద క్యామ్ వాక్యూమ్‌ను అర్థం చేసుకోలేక ఐడిల్‌లో ఊగుతుంది. అలాంటి కారుకు మాస్ ఎయిర్ (గాలిని నేరుగా కొలిచే పద్ధతి) మార్పిడి ముందే చేయాలి.

పెట్రోలు లెక్క, ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు అర పౌండు చొప్పున: 390 × 0.5 = గంటకు 195 పౌండ్లు. ఎనిమిది ఇంజెక్టర్లకు, 85 శాతం వాడకానికి ఒక్కొక్కటీ 28.7 అవుతుంది, కాబట్టి 30 పౌండ్లవి. ఉన్నవి 19 పౌండ్లవి. పంపు గంటకు 120 లీటర్లకు పైగా తోయాలి, ఉన్నది 88 లీటర్లదే, 190 లీటర్లది వేయండి. ఈ లోటును వదిలేస్తే పై గేర్లలో మిశ్రమం పలచబడి పిస్టన్ కరుగుతుంది. ముందు ముందు టర్బో ఆలోచన ఉంటే ఒక్క మాట: ఈ బ్లాకు 500 హార్స్‌పవర్ ప్రాంతంలో లిఫ్టర్ల లోయ (రెండు సిలిండర్ వరుసల మధ్య ఉండే పల్లం) వెంబడి నిలువునా చీలుతుంది.

అభ్యాసం: ఆటోమేటిక్ కారు, 28 అంగుళాల టైరు, 115 మైళ్ళు, కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ పని చేసే ద్రవపు జోడీ) జారుడు 4 శాతం, అంటే ఇంజిన్ లెక్క కంటే అంత ఎక్కువ తిరుగుతుంది. 6,000 ఆర్‌పీఎం దాటకుండా దానికి అతి దగ్గరగా ఉండాలంటే 3.73, 4.10, 4.30లో ఏది? జవాబు 4వ పాఠంలో, కన్వర్టర్ ఎంపికతో పాటు.