చంటిపిల్లలతో కొండకు: బ్యాగు సర్దే ముందు

చిత్తూరు నుంచి తిరుపతి దాకా ఇబ్బంది ఉండదు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు మలుపులు మొదలయ్యాకే పిల్లలకు వాంతులు. బయలుదేరే ముందు కడుపునిండా పాలు పట్టొద్దు, ఒక ఇడ్లీ చాలు. రెండు కవర్లు, తడిగుడ్డ, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచండి. మేము ఒకసారి అన్నీ డిక్కీలోని సూట్‌కేసులో పెట్టి, మూడో మలుపుకే నా చీర కొంగుతో తుడవాల్సి వచ్చింది.

కొండ మీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం. స్టీలు సీసా తీసుకెళ్లండి.

గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. క్యూలో బిడ్డ తప్పిపోతే ఫోన్ చేసే దారే ఉండదు. అందుకే పేరు, ఊరు, బయట ఉండే బంధువుల నంబరు రాసిన చీటీ పిల్లల జేబులో పిన్నుతో గుచ్చండి. ఇదొక్కటి మాత్రం మరవొద్దు.

పిల్లల ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒరిజినల్స్ పెట్టుకోండి.

గుండు చేయించేట్టయితే మెత్తటి నూలు టోపీ, రాత్రి చలికి స్వెట్టర్ కావాలి. ఎండాకాలమైనా సరే. బొమ్మలు ఒకటి చాలు, అక్కడ ఎలాగూ ఇంకోటి కొనిపిస్తారు.

జ్వరం మందు, కొలత మూతతో సహా.