గన్ మీద కోపం, తప్పు ట్యాంక్‌ది: పెయింట్‌బాల్ ఎయిర్ ట్యాంక్ సమస్యలు - పరిష్కారాలు

ఇక్కడ టెక్సాస్‌లో మా బ్యాచ్‌లో ఎవరు కొత్తగా పెయింట్‌బాల్ గన్ (గాలి ప్రెషర్‌తో రంగు బంతులు కొట్టే ఆట తుపాకీ) కొన్నా, గన్ కోసం నెల రోజులు వీడియోలు చూస్తారు. దానికి గాలినిచ్చే ట్యాంక్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇచ్చెయ్" అంటారు. రెండు ఆదివారాలు గడవగానే ఫోన్ వస్తుంది: "అన్నా, గన్‌లో ఏదో తేడా కొడుతోంది." విప్పి చూస్తే చాలాసార్లు గన్ శుభ్రంగానే ఉంటుంది. వాళ్ళు చెప్పే బాధల వరసలోనే రాస్తున్నాను.

"సగం ఆటలోనే గాలి అయిపోతోంది"

ముందు ట్యాంక్ మీద ఉన్న రెండు అంకెలు చూడండి. 48/3000 అంటే లోపల 48 ఘనపు అంగుళాల చోటు ఉందని, 3000 పీఎస్ఐ (ప్రెషర్ కొలత, చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా గాలి నింపొచ్చని. 68/4500 కూడా అంతే. రెండు అంకెలనూ గుణించండి. మొదటిదానికి 1,44,000 వస్తుంది, రెండోదానికి 3,06,000. చోటు ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు, పట్టే గాలి మాత్రం రెట్టింపు దాటింది. గన్‌ను బట్టి మారినా, 48/3000తో సుమారు 450 నుంచి 500 షాట్లు, 68/4500తో 1000 దాకా వస్తాయి.

ఇప్పుడు మీరు మోసే బంతులు లెక్కేసుకోండి. హాపర్‌లో (గన్ మీద బంతులు పోసే డబ్బా) 200, నడుముకి కట్టుకునే నాలుగు పాడ్లలో (అదనపు బంతుల గొట్టాలు) 140 చొప్పున 560. మొత్తం 760. అన్ని బంతులు మోస్తూ 48/3000 పెట్టుకుంటే మధ్యలో చేతులెత్తేయాల్సిందే. నెలకోసారి వచ్చి ఒక హాపర్ కొట్టి వెళ్ళిపోయేవాళ్ళకి మాత్రం అదే చాలు, డబ్బు దండగ చేసుకోకండి.

అసలు మెలిక మరొకటుంది. మీరు ఆడే ఫీల్డ్‌లో ఎంత ప్రెషర్ దాకా నింపుతారు? అక్కడ 3000 దాకానే నింపితే మీ ఖరీదైన 68/4500లో పడేది మూడింట రెండు వంతుల గాలే. కార్బన్ ఫైబర్ ట్యాంక్ కాబట్టి తేలిగ్గా ఉండే లాభం మిగులుతుంది, అంతే. కొనేముందు ఫీల్డ్‌కి ఒక్క ఫోన్ కొట్టి అడగండి. 77, 90 సైజులు అడవుల్లో రోజంతా సాగే పెద్ద ఆటలకి బాగుంటాయి. చిన్న కోర్టులో బంకర్ వెనక ముడుచుకుని కూర్చునేటప్పుడు అంత లావు ట్యాంక్ అడ్డమే.

3000 ట్యాంక్‌ని మాత్రం 4500 దాకా నింపే లైన్‌కి పెట్టి వదిలేయకండి. ప్రెషర్ మరీ పెరిగి రేకు రేటింగ్ దాటితే బర్స్ట్ డిస్క్ అనే ఆ పల్చటి రేకు చిరిగి గాలంతా బయటికి పోతుంది. కుక్కర్‌లో సేఫ్టీ వాల్వ్ చేసే పనే ఇదీ చేస్తుంది. చెవులు గింగురుమంటాయి కానీ ట్యాంక్ పగలకుండా కాపాడేది అదే. కొత్త డిస్క్ వేసేటప్పుడు అదే రేటింగ్‌ది వెయ్యాలి. 3000 ట్యాంక్‌కి సాధారణంగా 5000ది, 4500 ట్యాంక్‌కి 7500ది ఉంటుంది. "పెద్దదేస్తే మళ్ళీ చిరగదుగా" అని ఒకబ్బాయి నాతో అన్నాడు. వాడి ట్యాంక్ పక్కన నేను నిలబడను.

"ఫుల్ చేయించాను, పది నిమిషాల్లో గేజ్ పడిపోయింది"

లీక్ కాకపోవచ్చు. గాలిని గబగబా కుక్కితే వేడెక్కుతుంది, వేడి గాలి ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది. 50 డిగ్రీల దగ్గర 3000 చూపించిన ట్యాంక్ 25 డిగ్రీలకి చల్లారితే 2750 దగ్గరకి దిగుతుంది. ట్యాంక్‌ని చేత్తో పట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటే, చల్లారాక ఇంకొంచెం నింపించుకోండి. మెల్లగా నింపమని అడిగితే ఇంకా మంచిది. రాత్రి పెట్టిన ట్యాంక్ తెల్లారేసరికి ఇంకా తగ్గితే అప్పుడు లీక్ వెతకాలి.

"ఎక్కడో బుస్సుమంటోంది"

మన ఇంట్లో గ్యాస్ బండకి చూసినట్టే సబ్బు నురుగు రాసి చూడండి. బుడగలు ఎక్కడ వస్తే జబ్బు అక్కడ.

ట్యాంక్ గన్‌కి బిగిసే చోట వస్తే మూతి దగ్గరి ఓ-రింగ్ పోయింది. గ్యాస్ బండలో వాచర్ లాంటిదే ఇది, సైజు 015. పాలీయురేథేన్‌వి పది కొని జేబులో పడేసుకోండి. అన్నిటికన్నా ఎక్కువగా పోయేది ఇదే, మార్చడానికి నిమిషం చాలు.

గాలి నింపే నిపుల్ దగ్గర వస్తే లోపల దుమ్ము పట్టి ఉంటుంది. ఒకసారి నింపితే కొట్టుకుపోవచ్చు, పోకపోతే నిపుల్ మార్చాలి. అక్కడ నూనె చుక్క కూడా వేయకండి. ఎక్కువ ప్రెషర్ గాలి తగిలి నూనె అంటుకునే ప్రమాదం ఉంది. నిపుల్‌కి మూత పెట్టే అలవాటు ఉంటే ఈ గొడవే రాదు.

రెగ్యులేటర్ ఒంటి మీది సన్నటి బెజ్జంలోంచి వస్తే లోపల పిస్టన్ ఓ-రింగులు అరిగాయని అర్థం. రిపేర్ కిట్ దొరుకుతుంది. ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేశాకే దాని జోలికి వెళ్ళాలి, అదీ చేతనైనవాళ్ళే.

"మొదటి బంతి రయ్యిమని పోతుంది, తర్వాత మామూలే"

క్రోనో (బంతి వేగం కొలిచే పరికరం) దగ్గర సెకనుకి 280 అడుగులు వచ్చిన గన్, రెండు నిమిషాలు ఊరుకుని కొడితే 310 చూపిస్తుంది. రెఫరీ బయటికి పంపేస్తాడు. రెగ్యులేటర్‌లో గాలిని ఆపే సీటు గట్టిగా మూసుకోక, ఊరుకున్నంతసేపూ ప్రెషర్ మెల్లగా ఎక్కుతూ ఉంటుంది. ఆ రెగ్యులేటర్ ట్యాంక్‌దా, గన్‌లోపలిదా? స్నేహితుడి ట్యాంక్ తగిలించి కొట్టండి. జబ్బు మాయమైతే మీ ట్యాంక్‌దే, మాయం కాకపోతే గన్‌ది. ఏ పరికరమూ అక్కర్లేని ఈ పరీక్ష చేయకుండానే గన్ విప్పి కూర్చునేవాళ్ళని చూస్తే నాకు చిరాకు.

"వరసగా కొడితే బంతి ముందే నేల రాలుతోంది"

గేజ్ చూడండి. ట్యాంక్‌లో మిగిలిన ప్రెషర్ బయటికి ఇవ్వాల్సిన ప్రెషర్ దగ్గరికి వచ్చేసి ఉంటే గన్ నీరసపడటం సహజం. గేజ్ నిండుగా ఉండి కూడా అలాగే ఉంటే, గన్‌కి పడని ట్యాంక్ కొన్నారేమో చూడాలి. మామూలు ట్యాంకులు 800 నుంచి 850 పీఎస్ఐ బయటికిస్తాయి. తక్కువ ప్రెషర్ రకాలు 450, కొన్ని 300 దగ్గర ఇస్తాయి. టిప్‌మన్ 98 లాంటి పాతకాలపు మెకానికల్ గన్‌కి 450ది తగిలిస్తే డగడగలాడుతుంది, తనంతట తాను మళ్ళీ కాక్ అవ్వదు (తర్వాతి షాట్‌కి సిద్ధం కాదు). సొంత రెగ్యులేటర్ ఉన్న ఎలక్ట్రానిక్ గన్‌లకి తక్కువది సరిపోవచ్చు, మాన్యువల్ చూసి కొనండి. కొన్ని రెగ్యులేటర్లలో షిమ్‌లు అనే పల్చటి రింగులు మార్చి ప్రెషర్ పెంచొచ్చు.

"బిగించాను, గన్‌లోకి గాలే రాదు"

ట్యాంక్ మూతిలో చిన్న పిన్ ఉంటుంది, గన్ దాన్ని నొక్కితేనే గాలి వదులుతుంది. సగం తిప్పి వదిలేశారా? ఆన్-ఆఫ్ మీట ఆఫ్‌లో ఉందా? రెండూ సరిగ్గా ఉంటే గన్‌లో పిన్‌ని నొక్కే భాగం అరిగింది, లేదా పిన్ పొట్టిది.

"ఫీల్డ్‌వాళ్ళు నింపం పొమ్మన్నారు"

వాళ్ళు చూసేది హైడ్రో టెస్ట్ (నీటి ప్రెషర్‌తో ట్యాంక్ బలం చూసే పరీక్ష) తేదీ. అమెరికాలో అల్యూమినియం ట్యాంకులకి అయిదేళ్ళకోసారి చేయించాలి. కార్బన్ ఫైబర్‌కి ఎన్నేళ్ళకో లేబుల్ మీద ఉంటుంది, చాలావాటికి తయారైన 15 ఏళ్ళకి ఆయుష్షు తీరుతుంది. పాతది చవగ్గా వస్తోందంటే ముందు ఆ నెల, సంవత్సరం ఫోటో అడగండి. దాన్ని హైదరాబాద్ తీసుకెళ్దామనుకునేవాళ్ళకి ఇంకో మాట: రెగ్యులేటర్ విప్పేసి లోపల ఖాళీ కనపడితేనే అమెరికా విమానాశ్రయాల్లో ట్యాంక్‌ని లోపలికి రానిస్తారు. ఇండియాలో సిలిండర్ల వ్యవహారం పెసో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చూస్తుంది, అక్కడి నిబంధనలు తెలుసుకున్నాకే సామాన్లో పెట్టండి.

"సీఓ2తో చలికాలంలో గన్ పనిచేయట్లేదు"

సీఓ2 ప్రెషర్ వాతావరణాన్ని బట్టి నడుస్తుంది. 21 డిగ్రీల దగ్గర 850 పీఎస్ఐ ఉండేది 0 డిగ్రీలకి 500 దగ్గరికి దిగుతుంది. పైగా ద్రవం గన్‌లోకి పోతే ఎలక్ట్రానిక్ గన్ సొలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) పాడవుతుంది. ఎయిర్‌కి మారిపోవడమే మందు. చాలా గన్‌లకి అదే మర సరిపోతుంది.

చివరగా, ట్యాంక్ విప్పుతుంటే గాలి ఉండే సీసా ఒక్కటే తిరిగి, రెగ్యులేటర్ గన్‌కే ఉండిపోతోందా? వెంటనే ఆపేయండి. సీసా ఊడి వస్తే రాకెట్‌లా ఎగురుతుంది, అలా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కొన్న రోజే సీసాకీ రెగ్యులేటర్‌కీ కలిపి గోళ్ళరంగుతో అడ్డంగా ఒక గీత గీయండి. విప్పే ప్రతిసారీ ఆ గీత విడిపోలేదని చూసుకోండి. విడిపోతే ట్యాంక్‌ని ఇంక తిప్పకండి, గన్‌తో సహా అలాగే ఫీల్డ్ మెకానిక్‌కి అప్పజెప్పండి.