జాతీయ ఫుట్‌బాల్ జట్టు టోర్నీలో చతికిలపడితే: లక్షణం, కారణం, మరమ్మతు

పెద్ద టోర్నీలో జట్టు బోల్తా పడగానే మన దగ్గర మొదట జరిగే పని కోచ్‌ను సాగనంపడం. కొత్త కోచ్ వస్తాడు, కొత్త శిబిరం పెడతారు, నలుగురు కుర్రాళ్ల పేర్లు పత్రికల్లో మెరుస్తాయి. ఏడాది తిరిగేసరికి జట్టు మళ్లీ అదే గోతిలో ఉంటుంది. ఓడిన జట్లను విప్పి మళ్లీ బిగించే పనిలో నాకు చాలాకాలమే గడిచింది. నేను చూసుకున్నవి జిల్లా, రాష్ట్ర జట్లే కావచ్చు, కానీ లోపాలకు స్థాయితో పనిలేదు. ఇక్కడ భారత పురుషుల జట్టునే బల్ల మీద పెట్టుకుందాం. ఆట తెలిసినవారి కోసం రాస్తున్నాను కాబట్టి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పను.

రోగి చరిత్ర క్లుప్తంగా ఇదీ. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. ఆరు గోల్స్ ఇచ్చి ఒక్కటీ కొట్టకుండా ఇంటికి వచ్చాం. ఆ ఏడాది ఆడిన 11 మ్యాచ్‌లలో ఒక్క గెలుపూ లేదు. 2025 అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి, 2027 ఆసియా కప్ దారి కూడా మూసుకున్నాం.

ముందుగా: కోచ్ మీద చెయ్యి వేయకండి

2024 జూన్‌లో ఇగోర్ స్టిమాచ్‌ను తొలగించారు. జులైలో మనోలో మార్కెజ్ వచ్చారు, ఏడాదికి ఆయనా వెళ్లిపోయారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ పగ్గాలు పట్టుకున్నారు. పద్నాలుగు నెలల్లో ముగ్గురు కోచ్‌లు మారారు, ముగ్గురివీ మూడు వేర్వేరు పద్ధతులు. లక్షణం మాత్రం మారలేదు. ముగ్గురు వైద్యులు మారినా తగ్గని జ్వరానికి నాలుగో వైద్యుణ్ని వెతికేవాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. అప్పటి కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ ఓటమి తర్వాత కూడా ఆయనే కొనసాగారు. లోపం ఎక్కడుందో ఎవరికైనా కనిపించేదే: మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైతే ముందు గోల్ కొట్టింది మనమే. చివరికి 1-4తో ఓడినా నాలుగో స్థానం దక్కింది. కాళ్ల వైపు చూడటం అన్నిటికన్నా చవకైన తనిఖీ. ఈ రోజుల్లో దానికి సమానమైన తనిఖీ ఇంకొకటి ఉంది. దాన్నే అందరూ దాటేస్తున్నారు.

ఎవరూ చేయని తనిఖీ

ఒక కాగితం తీసుకుని ఐదు గడులు గీయండి. ఆటగాడి పేరు, క్లబ్, క్లబ్‌లో ఆడే స్థానం, గత సీజన్‌లో ఆ స్థానంలో ఆడిన నిమిషాలు, జాతీయ జట్టులో ఆడిస్తున్న స్థానం. జట్టు మొత్తానికీ నింపండి. ఒక సాయంత్రం పని. మూడో గడికీ ఐదో గడికీ పొంతన కుదరని చోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. టీవీ చర్చల్లో గంటలకొద్దీ "తపన లేదు, కసి లేదు" అని వాపోయే పెద్దమనుషులు ఈ కాగితం గీసిన పాపాన పోలేదు. ఇది మీ చేతిలో లేకుండా కింది భాగాలు చదివితే ప్రయోజనం ఉండదు.

లక్షణం: బంతి మన దగ్గరే ఉంటుంది, గోల్ మాత్రం పడదు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిన లోపం ఇదే. ఇది ఓడినప్పుడు పుట్టే లోపం కాదు. గెలుస్తున్నప్పుడే పుట్టి, గెలుపుల చాటున పెరుగుతుంది.

2023 వేసవిలో మన జట్టును చూసి మురిసిపోనివారు లేరు. ఇంఫాల్‌లో ముక్కోణపు టోర్నీ, భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, బెంగళూరులో దక్షిణాసియా ఛాంపియన్‌షిప్ అయిన శాఫ్ టైటిల్, జులైలో ఫిఫా ర్యాంకు 99. ఇప్పుడు శాఫ్ స్కోరు పట్టీని ఒకసారి విప్పండి. అయిదు మ్యాచ్‌లలో భారత్ కొట్టినవి 8 గోల్స్, వాటిలో అయిదు సునీల్ ఛెత్రివి. ఆ అయిదూ తీసేసి మళ్లీ లెక్క వేయండి. పాకిస్తాన్‌పై 4-0 కాస్తా 1-0 అవుతుంది, నేపాల్‌పై 2-0 కూడా 1-0 అవుతుంది, లీగ్ దశలో కువైట్‌తో డ్రా ఓటమిగా మారుతుంది. అంతకుముందు ఏడాది కోల్‌కతాలో ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లూ అంతే: మూడింటిలో 8 గోల్స్, సగం ఆయనవే. అప్పటికే ఆయన వయసు ముప్పై ఏడు దాటింది.

పైకప్పు కారుతున్న చోట బకెట్టు పెడితే నేల తడవదు, కప్పు బాగైందనిపిస్తుంది. ఛెత్రి మనకు అలాంటి బకెట్టు. 151 మ్యాచ్‌లలో 94 గోల్స్ చేసి 2024 జూన్‌లో ఆయన తప్పుకోగానే నేలంతా తడిసింది. ఇందులో ఆయన తప్పు వీసమంతా లేదు. కప్పు చూడనివాళ్లదే తప్పు.

ఇదే జర్మనీకీ జరిగింది. 2000 యూరో కప్‌లో ఒక్క పాయింటుతో, ఒక్క గోల్‌తో గ్రూపులో అట్టడుగున నిలిచింది. 2002లో ఆలివర్ కాన్ గోల్ ముందు గోడలా నిలబడటంతో ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లింది. రోగం నయమైందని సంబరపడ్డవాళ్లకు 2004 యూరో బుద్ధి చెప్పింది: లాట్వియాతో 0-0, మళ్లీ గ్రూపులోనే ఇంటికి. తేడా ఏమిటంటే, ఫైనల్ ముచ్చట చూసి వాళ్లు మరమ్మతు ఆపలేదు. అక్కడి అగ్ర లీగ్ బుండెస్‌లీగా క్లబ్బులన్నీ యువ ఆటగాళ్ల అకాడమీలు నడపాల్సిందేనన్న నిబంధన అలాగే సాగింది. ఫలం 2014లో ప్రపంచకప్ రూపంలో చేతికి వచ్చింది.

మనకు అసలు చిల్లు ఎక్కడుంది? మీ కాగితంలో స్ట్రైకర్ల వరుస చూడండి. మన అగ్ర లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) 2014లో మొదలైంది. 2024-25 వరకు జరిగిన పదకొండు సీజన్లలో ఎక్కువ గోల్స్ చేసినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారీ భారతీయుడికి దక్కలేదు. మైదానంలో నలుగురు విదేశీయులను ఆడించవచ్చు. డబ్బు పెట్టి తెచ్చుకున్నవాణ్ని ఏ క్లబ్ అయినా గోల్ ముందే నిలబెడుతుంది. క్లబ్‌లను తిట్టి లాభం లేదు, వాళ్లకు కావలసింది టైటిల్. దాంతో మన ఫార్వర్డ్‌లు రెక్కల మీదికో బెంచీ మీదికో జరుగుతారు. మన్‌వీర్ సింగ్ మోహన్ బగాన్‌కు కుడి వైపు ఆడతాడు. ఛెత్రి కూడా బెంగళూరు క్లబ్‌లో ‘మీకు’ అనే వెనెజులా స్ట్రైకర్ ఉన్న రోజుల్లో ఎడమ వైపే ఆడాడు.

తెలుగు పాఠకులకు దగ్గర ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2021-22లో మనోలో మార్కెజ్ శిక్షణలో ఐఎస్‌ఎల్ గెలిచింది. ఆ సీజన్‌లో నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఓగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. అదే మనోలో 2024 సెప్టెంబరులో భారత కోచ్‌గా తొలి మ్యాచ్‌లు గచ్చిబౌలిలో ఆడించారు. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. ఆయన ఆట పరిజ్ఞానం రెండేళ్లలో ఆవిరైపోలేదు. జాతీయ జట్టులో ఓగ్బెచే ఉండడు, అంతే.

రెక్క మీద ఆడేవాణ్ని మధ్యలో నిలబెడితే ఏమవుతుందో కళ్లారా చూడాలంటే వీడియోలో బంతిని వదిలేయండి. క్రాస్ వచ్చే ముందు రెండు సెకన్లు ఫార్వర్డ్ కాళ్లు చూడండి. అసలైన సెంటర్ ఫార్వర్డ్ దూరపు స్తంభం వైపు రెండడుగులు వేసి డిఫెండర్‌ను అటు లాగుతాడు, బంతి గాల్లోకి లేవగానే అతని ముందుకు దూరుతాడు. వింగర్ అలా చేయడు. బంతినే చూస్తూ తిన్నగా పరుగెత్తి పెనాల్టీ చుక్క దగ్గర ఆగిపోతాడు, బంతి అతని ముందు నుంచో వెనక నుంచో వెళ్లిపోతుంది. మనం "అయ్యో, ఫినిషింగ్!" అని తల పట్టుకుంటాం. అది ఫినిషింగ్ లోపం కాదు. గోల్‌కు వీపు పెట్టి, వెనక డిఫెండర్ మోచేయి తగులుతుండగా ఆడిన నిమిషాలు అతని ఖాతాలో లేవు. ఆ నిమిషాలను పది రోజుల శిబిరంలో ఏ కోచ్ కూడా నింపలేడు.

జిల్లా స్థాయిలోనూ ఇదే కథ. ఒక జట్టులో గోల్స్ అన్నీ ఒకే కుర్రాడివి. అతనికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక, మిగిలిన ఫార్వర్డ్‌లంతా వాళ్ల వాళ్ల కాలేజీ జట్లలో మిడ్‌ఫీల్డ్ ఆడేవాళ్లని తేలింది. కాగితం గీస్తే ముందే తెలిసిపోయేది.

మరమ్మతు. వెంటనే చేయగలిగింది: క్లబ్‌లో ఏ స్థానంలో ఆడుతున్నాడో అక్కడే ఆడించండి. సెంటర్ ఫార్వర్డ్ కావాలంటే ఐఎస్‌ఎల్ బెంచీ మీద కూర్చునే పెద్ద పేరుకన్నా రెండో అంచె లీగ్‌లో ప్రతివారం తొంభై నిమిషాలు ఆడే చిన్న పేరు మేలు. అలాంటివాడు దొరికేదాకా ఉన్నట్టు నటించకండి. కార్నర్లు, ఫ్రీకిక్‌ల మీద బతకండి. 2024 నవంబరులో మలేసియాతో 1-1లో మన గోల్ కార్నర్‌కు రాహుల్ భేకే తలతో కొట్టింది, అతను డిఫెండర్. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0లో మూడూ తలతో కొట్టినవే. చూడముచ్చటగా ఉండదు, కానీ ఒక ఏడాది గడుస్తుంది.

తర్వాత చేయాల్సింది జాతీయ కోచ్ చేతిలో లేదు, లీగ్ నడిపేవాళ్ల చేతిలో ఉంది. ఇరవై ఏళ్ల స్ట్రైకర్‌ను బెంచీ మీద ఎండబెట్టకుండా కింది లీగ్‌కు అరువివ్వాలి. రాష్ట్ర జట్ల మధ్య జరిగే, విదేశీయులు ఆడని సంతోష్ ట్రోఫీలో ఎవరు మధ్యలో ఆడుతున్నారో ఎంపికదారులు వెళ్లి చూడాలి. మూడేళ్లకు తక్కువ కాకుండా పడుతుంది.

చేయకూడనిది: బకెట్టును మళ్లీ తేవడం. 2025 మార్చిలో నలభై ఏళ్ల ఛెత్రిని వెనక్కి పిలిచారు. ఆ సీజన్ ఐఎస్‌ఎల్‌లో ఎక్కువ గోల్స్ చేసిన భారతీయుడు ఆయనే. పిలిచినవాళ్ల తర్కం అర్థమవుతుంది. మాల్దీవులపై గోల్ కూడా కొట్టాడు. వారం తిరగకముందే బంగ్లాదేశ్‌తో 0-0, జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1. ఈ మధ్యలో ఏ కుర్రాడి కాగితంలోనూ నిమిషాలు పెరగలేదు.

లక్షణం: ఆధిక్యంలో ఉంటాం, చివర్లో జారవిడుస్తాం

2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్‌పై 1-0తో ఉన్నాం. 70వ, 88వ నిమిషాల్లో గోల్స్ ఇచ్చి ఓడాం. జూన్‌లో దోహాలో ఖతార్‌పైనా 1-0, 73, 85 నిమిషాల్లో రెండు ఇచ్చాం. మొదటి దానికి ముందు బంతి గీత దాటిందని లోకమంతా చూసింది. రిఫరీ తప్పు మన మరమ్మతు జాబితాలోకి రాదు, వదిలేయండి.

దీన్ని దమ్ము లోపం అంటారు. కొంత నిజమే. కానీ 70వ నిమిషం తర్వాత మనం కొట్టే పొడవాటి బంతులు ఎన్ని సెకన్లలో తిరిగి వస్తున్నాయో గడియారం పెట్టి చూడండి. ముందు బంతిని నిలిపి పట్టుకునేవాడు లేకపోతే డిఫెన్స్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి దొరకదు. అంటే ఇది కూడా పై లోపం కొమ్మే. ఈలోగా శిక్షణ మ్యాచ్‌లను 0-0తో మొదలుపెట్టకండి. 1-0, ఇరవై నిమిషాలు మిగిలాయి, అక్కడి నుంచి ఆడించండి.

లక్షణం: ఇంట్లో పులి, వీధిలో పిల్లి

2023లో గెలిచిన మూడు ట్రోఫీలూ సొంతగడ్డ మీదివే. 99వ ర్యాంకు రెండేళ్లకు 133 అయింది. కారణం వెతకనక్కర్లేదు. మనకన్నా ముప్పై నలభై స్థానాలు పైనున్న జట్లతో, వాళ్ల మైదానాల్లో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి ఓడండి. ర్యాంకు పడిపోతుందని భయపడేవాళ్లు ర్యాంకునే ఆడించుకోవాలి.

లక్షణం: పదకొండు మంది పరిచయం లేనివాళ్లలా ఆడటం

శిబిరం చాలలేదు. 2023 ఆసియా క్రీడలకు మన జట్టు హాంగ్‌ఝౌలో దిగిన మర్నాడే చైనాతో ఆడి 1-5తో ఓడింది. ఫిఫా నిర్ణయించిన తేదీలు దాటి ఆటగాళ్లను వదలాల్సిన పని క్లబ్‌లకు లేదు. కాబట్టి సీజన్ క్యాలెండర్ వేసే రోజునే తేదీలు అడిగి తీసుకోవాలి. టోర్నీ ముంగిట లేఖలు రాస్తే రావు.

అరుదైనవి

డ్రెస్సింగ్ రూమ్ తిరుగుబాటు: 2010లో ఫ్రాన్స్ ఆటగాళ్లు శిక్షణకే రామన్నారు. మన దగ్గర అంత దూరం పోదు. ఫిఫా నిషేధం: 2022 ఆగస్టులో పడింది, అదే నెలలో తొలగింది, ఆటకు సంబంధం లేదు. విదేశాల్లోని భారత సంతతి ఆటగాళ్లు: ద్వంద్వ పౌరసత్వం లేదు కాబట్టి అక్కడి పౌరసత్వం వదులుకుని రావాలి. 2025లో రయాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని వచ్చాడు. ఒకరిద్దరు దొరకవచ్చు, దాని మీద ప్రణాళిక కట్టలేం.

ఇక ఏదైనా టోర్నీలో ఒక్కసారిగా ఫలితం మెరిస్తే కాగితం మడిచి లోపల పెట్టకండి. 2025 సెప్టెంబరులో మధ్య ఆసియా సమాఖ్య నడిపే కాఫా కప్‌లో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చుకున్నాం, మరుసటి నెలలోనే సింగపూర్ చేతిలో ఓడాం. నాలుగో గడిలో భారతీయ సెంటర్ ఫార్వర్డ్ ఒక్కడికైనా ఒక సీజన్‌లో పదిహేను వందల నిమిషాలు పడ్డాకే కొత్త కాగితం గీయండి.