పాత ఉత్తరాల నుంచి శాస్త్రవేత్తల నెట్‌వర్క్ (ఎవరికి ఎవరితో సంబంధం ఉందో చూపే మ్యాపు) గీయడం ఎలా?

ముందు స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో ఉత్తరానికి ఒక్కో వరుస: ఎవరు రాశారు, ఎవరికి, ఎక్కడి నుంచి, ఎప్పుడు. నేనైతే "ఎవరి ద్వారా" అన్న గడి కూడా తప్పకుండా పెడతాను. 1676లో న్యూటన్ జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ కోసం రాసిన ఉత్తరాలు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ చేతుల మీదుగానే వెళ్లాయి. ఆ గడి లేకపోతే మ్యాపులో ఆయన కనిపించడు. నాకు అసలు ఆసక్తి అలాంటి మధ్యవర్తుల మీదే.

తేదీల దగ్గర తొందరపడకండి. అప్పట్లో ఇంగ్లండ్ క్యాలెండర్ పారిస్ కంటే 10 రోజులు వెనక. ఇంగ్లండ్‌లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. లండన్ ఉత్తరంలో "ఫిబ్రవరి 1672" అని ఉంటే మన లెక్కలో అది 1673 కావచ్చు. అసలు తేదీని చెరపకుండా, సరిచేసింది పక్క గడిలో రాయండి.

"మీ ఉత్తరం అందింది" అన్న మాట కనిపిస్తే, చేతికి దొరకని ఆ ఉత్తరానికీ ఒక వరుస కేటాయించండి.