మా ఆయన గురించి పుస్తకం వేసుకున్నాం, మీరూ వేసుకోవాలంటే

మా ఆయన పోయి ఏడాది కావస్తుంటే, సంవత్సరీకానికి వచ్చేవాళ్లకు స్టీలు గిన్నెలు పంచే బదులు నాన్న గురించి చిన్న పుస్తకం ఇద్దామని మా అమ్మాయి అంది. కోనసీమలో అంబాజీపేట దగ్గర ఆయనది చిన్న కురిడీ కొబ్బరి వ్యాపారం, ముప్పై ఏడేళ్లు నడిపారు. రాయడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. నాలుగు నెలలు పట్టింది. మీ ఇంటి మనిషి గురించి రాసుకోవాలని మీకూ ఉంటే, మేం పడిన పాట్లు మీకు పనికొస్తాయి.

ముందు పొగడ్తలు పక్కన పెట్టండి. మేం మొదటి పేజీలో "నిరాడంబరుడు, అందరికీ ఆప్తుడు" అని రాశాం. చదివి చూస్తే ఊళ్లో ఏ పెద్దమనిషికైనా సరిపోయేలా ఉంది. అది కొట్టేసి, ఆయన రోజూ చేసే పని రాశాం. కొబ్బరికాయను నెలల తరబడి అటక మీద ఉంచితే లోపలి నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేస్తుంది. అదే కురిడీ. ఆయన కాయను చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని రెండుసార్లు ఆడించేవారు. లోపల గుండు గలగలమంటే బుట్టలోకి, మూగగా ఉంటే మళ్లీ అటక మీదికి. అది చదివి మా అబ్బాయి "ఇదీ నాన్నంటే" అన్నాడు.

సంవత్సరాలు గుర్తుకు రాకపోతే టెన్షన్ పడకండి. మన వైపు పెద్దవాళ్లను ఏ సంవత్సరమని అడిగితే చెప్పలేరు. పెద్ద వరదకు ముందా తరవాతా, తుఫానుకు ముందా తరవాతా అని అడగండి. వరదంటే 1986 ఆగస్టు గోదావరి వరద, తుఫానంటే 1996 నవంబరు 6. వరద వచ్చిన మరుసటేడు కొట్టు పెట్టారని మా మరిది చెప్పాడు, అలా 1987 అని తేలింది.

బంధువుల కన్నా ముందు ఆయన దగ్గర పనిచేసినవాళ్లను కలవండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, వాళ్లు చెప్పే తీరులోనే రాయండి.

చిట్టా పుస్తకాలు మాత్రం పాత పేపర్లవాడికి వేసేయకండి. ఇది బతిమాలి చెబుతున్నాను. తుఫాను నెల పుస్తకం తెరిస్తే, కాయల మీద అడ్వాన్సు తీసుకున్న పదకొండు మంది రైతుల పేర్ల ఎదురుగా అంకెలు కొట్టేసి ఉన్నాయి. పక్కన ఆయన చేతిరాతతో ఒక్కటే మాట, "చూద్దాం". పదకొండుసార్లు. ఆ రాత్రి మా షెడ్డు రేకులు ఎగిరిపోయాయి, తెల్లారేసరికి తోటల్లో చెట్లు పడి ఉన్నాయి. మాకూ చేతిలో డబ్బు లేదు. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఒలుపు మేస్త్రిని అడిగాను. "అయ్యగారు మళ్లీ అడగలేదండి. తోటలు కోలుకున్నాక రైతులే కాయలు తెచ్చి దింపారండి" అన్నాడు. ఆ పేజీ ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. ఇలాంటిది మీకూ దొరికితే సంగతి రాయండి, పేర్లు రాయకండి. వాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉంటారు.

ఆయన కోపం కూడా రాయండి. బేరంలో మాట తప్పినవాడితో ఆయన ఏళ్ల తరబడి మాట్లాడలేదు. అది వదిలేస్తే మా పిల్లలే ఒప్పుకోలేదు.

ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన ఫొటోను పీకకండి, పొర లేచిపోతుంది. మా పెళ్లి ఫొటో అలాగే పాడుచేసుకున్నాం. అద్దం మీదుగానే, ఫ్లాష్ లేకుండా, నీడలో ఫోన్‌తో తీసుకోండి.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి లెక్కన, అంటే పదహారో ఇరవయ్యో అలా ఉండాలి. మాది ఇరవై. పెద్దవాళ్లు చదువుతారు కాబట్టి అక్షరాలు పెద్దవి వేయించండి. ప్రింటుకు ఇచ్చేముందు ఆయన్ను ఎరిగిన ఒకరికి పైకి చదివి వినిపించండి. తప్పుంటే వాళ్లే ఆపుతారు.

చివరి రెండు పేజీలు ఖాళీగా వదలండి. భోజనాలయ్యాక పెన్నులిచ్చి, తోచింది రాయమనండి. రాయడం రానివాళ్ల పక్కన ఒక పిల్లను కూర్చోబెట్టండి. ఒలుపు మేస్త్రి చెబుతుంటే మా మనవరాలు రాసింది: "అయ్యగారు కాయ చెవి దగ్గర పెట్టుకుంటే మేమంతా కత్తులు ఆపేసేవాళ్లమండి."